బూట్ ఆర్డర్ ఎవరివ్వాలి

తోటి ఉద్యోగులంతా ఇళ్ళు కట్టుకుంటుంటే త్రినాథ్ కంప్యూటర్ కట్టుకున్నాడు. చింతలమెట్ట పురపాలక సంఘంలో నీటి సరఫరా విభాగం సీనియర్ అసిస్టెంటు అతను. నెలకో ముక్క చొప్పున కొన్నాడు. ఈ నెల పెట్టె, వచ్చే నెల బోర్డు, దసరా బోనసుతో డిస్కు. అన్నీ కూడాక హాల్లో చాప వేసుకుని, మంగళసూత్రం ముడి వేసినంత శ్రద్ధగా ఒక్కో వైరూ తగిలించాడు. మొదటిసారి తెరమీద వెలుగు వచ్చినప్పుడు భార్య హైమని పిలిచి చూపించాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బానే ఉంది. ఇక చాప తీస్తారా?" అంది.

ఆ కంప్యూటర్ ఆఫీసుకి వెళ్ళడం వెనక పెద్ద కథేం లేదు. వానాకాలంలో స్లాబు కారి ఆఫీసు కంప్యూటర్ తడిసి చచ్చిపోయింది. కొత్తది కొనే ఫైలు జిల్లాకేంద్రానికి వెళ్ళి అక్కడ స్థిరపడింది. కమిషనర్ అచలపతి గారు త్రినాథ్‌ని పిలిచి, "మీ ఇంట్లో ఒకటి ఉందటగా. తాత్కాలికంగా తీసుకురండి. ప్రజాసేవ," అన్నారు. తెచ్చిన రోజునే దానిమీద పసుపు పెయింటుతో ఆఫీసు ఆస్తి నెంబరు వేయించారు. నెంబరు పడ్డాక తాత్కాలికం అనే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ కంప్యూటర్ చేసే పని ఒక్కటే, కానీ ఊరికి అదే ముఖ్యం. వేసవిలో కుళాయిలు ఎండిపోతే వీధులకి ట్యాంకర్లు వెళ్ళాలి. ఏ వీధికి ఏ ట్యాంకర్ వెళ్ళాలో రోజూ పొద్దున్నే త్రినాథ్ కంప్యూటర్లో చీటీ తీసి ఇస్తాడు. ఆ చీటీ చూపిస్తేనే చెరువుగట్టు పంపు దగ్గర వాచ్‌మన్ ట్యాంకర్‌లోకి నీళ్ళు వదులుతాడు. చేత్తో రాసిన చీటీలు చెల్లవని పాత సర్క్యులర్ ఒకటి ఉంది. అవినీతి అరికట్టడానికట.

ఆ ఏడు ఎండలు ముదిరిన సమయానికే జంట వ్యవస్థ పథకం వచ్చింది.

రాజధాని నుంచి వచ్చిన సర్క్యులర్ సారాంశం ఇది. మనిషికి కళ్ళు రెండు, చెవులు రెండు. కాబట్టి ప్రతి ప్రభుత్వ కంప్యూటర్‌లోనూ రెండు నిర్వహణ వ్యవస్థలు, అనగా ఆపరేటింగ్ సిస్టములు, ఉండవలెను. ఒకటి ఇప్పుడున్న విదేశీది, రెండోది దేశవాళీది. ఒకటి అస్వస్థతకు లోనైన యెడల రెండవది విధులు నిర్వర్తించును. అమలు చేసి నివేదిక పంపవలెను, లేనిచో తీవ్రంగా పరిగణించబడును.

త్రినాథ్‌కి ఇదేం కష్టం అనిపించలేదు. నిజానికి సంబరపడ్డాడు. ఆఫీసు పనిలో అతను ఇష్టపడి చేసేది ఇలాంటిది ఎప్పుడో గానీ రాదు. ఒక సాయంత్రం కూర్చుని దేశవాళీ వ్యవస్థని పాతదాని పక్కనే ఎక్కించాడు. పనిలో పనిగా, ఫైళ్ళు దాచుకోడానికని ఇంట్లో పడున్న పాత డిస్కు ఒకటి కూడా తెచ్చి లోపల తగిలించాడు. అన్నీ అయ్యాక మూత బిగించి బటన్ నొక్కాడు.

నల్లటి తెర. మీద ఒకే ఒక్క తెల్లటి వాక్యం. తను లేవడానికి కావలసినది ఎక్కడా దొరకలేదని దాని భావం.

త్రినాథ్ కాస్త కంగారుపడ్డాడు గానీ కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. తప్పు తనదే. కంప్యూటర్ లేవగానే ఏ డిస్కు తలుపు ముందు తట్టాలో ఒక వరస ఉంటుంది. దాన్నే బూట్ ఆర్డర్ అంటారు. తను పాత డిస్కు తగిలించడంతో ఆ వరస తారుమారైంది. కంప్యూటర్ ఇప్పుడు ముందుగా ఆ డిస్కు తలుపే తడుతోంది. అందులో వాళ్ళ పెళ్ళి ఫోటోలు తప్ప ఏమీ లేవు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వరస మారిస్తే చాలు, అన్నం ముద్ద మింగినంత సేపు కూడా పట్టదు.

కీబోర్డు మీద వేలు పెట్టబోతుండగా అచలపతి గారు ఇంటికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు.

"ఏవయ్యా, నల్లగా ఉందేం?"

"చిన్న సమస్య సార్. బూట్ ఆర్డర్ మార్చాలి. మార్చేస్తున్నాను."

అచలపతి గారు లోపలికి వచ్చారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఒక్క మచ్చ లేకుండా నెట్టుకొచ్చింది ఒకే ఒక్క సూత్రంతో. తన పరిధిలో లేని పని చెయ్యరు. పరిధిలో ఉందో లేదో అనుమానం వస్తే, లేదనుకుంటారు.

"ఏం మారుస్తున్నావూ?"

"ఆర్డర్ సార్."

"ఎవరిచ్చిన ఆర్డరు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. అదే ఉంటుంది లోపల."

"లోపల ఉందంటే ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. ఇచ్చినవాళ్ళు తప్ప ఇంకొకరు ఆర్డరు మార్చకూడదు. నువ్వు సీనియర్ అసిస్టెంటువి. నేనే మార్చలేను, నువ్వెలా మారుస్తావు?"

"సార్, ఇది ఆ ఆర్డర్ కాదు. వరస అని అర్థం."

"వరస అయితే మరీ కష్టం," అన్నారు అచలపతి గారు, కుర్చీ లాక్కుని. "సీనియారిటీ వరస మార్చి ఎంతమంది కోర్టుల చుట్టూ తిరిగారో నీకు తెలీదు. చెయ్యి తియ్యి."

త్రినాథ్ చెయ్యి తీశాడు. తెల్లారి ఎవరూ రాకముందే వచ్చి గుట్టుగా మార్చేద్దామనుకున్నాడు. కానీ పొద్దున్న వచ్చేసరికి కీబోర్డు చుట్టూ తెల్లగుడ్డ చుట్టి, దారం కట్టి, ముడిమీద లక్క సీలు వేసి ఉంది. పక్కనే కాగితం: "సమర్థాధికారి ఆదేశాలు అందువరకు యథాతథ స్థితి పాటించవలెను."

ఆ రోజు నుంచి ట్యాంకర్లు ఆగిపోయాయి.

కుమ్మరి వీధి సీతామహాలక్ష్మి బిందె చంకన పెట్టుకునే ఆఫీసుకి వచ్చింది. ఆ వీధి డ్వాక్రా సంఘానికి ఆవిడే లీడరు. మాట మెత్తగా ఉంటుంది గానీ వచ్చిన పని కాకుండా వెనక్కి వెళ్ళే మనిషి కాదు.

"త్రినాథ్ గారూ, ట్యాంకరు రాలేదండి. బండి చెడిందా, డ్రైవర్ పోలయ్యకి ఒంట్లో బాలేదా?"

"బండి బానే ఉందమ్మా, పోలయ్యా బానే ఉన్నాడు. కంప్యూటర్ లేవడం లేదు."

"లేపండి మరి."

"లేపడానికి పర్మిషన్ లేదు."

సీతామహాలక్ష్మి గుడ్డ కప్పిన కీబోర్డు వైపు చూసింది. ఇంట్లో ఎవరో పోయినట్టు తలమీద కొంగు సర్దుకుని, "చేత్తో రాసిచ్చెయ్యండి పోనీ," అంది. చెల్లదని చెప్పాడు. కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన లేచి నిలబడి మరీ మర్యాద చేశారు. మీ సమస్య ప్రభుత్వ దృష్టిలో ఉందన్నారు. బిందె ఇక్కడ పెట్టి వెళ్తానంది ఆవిడ. ఆఫీసులో ప్రైవేటు వస్తువులు ఉంచరాదన్నారు. అయితే నేనూ కూర్చుంటానని వరండాలో కూర్చుంది. మర్నాటికి వీధి మొత్తం వచ్చి కూర్చుంది.

ఇంటికి వెళ్ళాక త్రినాథ్ అన్నం సరిగ్గా తినలేదు. "ఒక్క మీట హైమా. నొక్కితే ఊరికి నీళ్ళొస్తాయి. నొక్కితే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు.

"కంప్యూటర్ మనదేగా," అంది హైమ.

"పసుపు పెయింటు వేశారుగా."

హైమ ఇంకో గరిటె పప్పు వేసింది.

అచలపతి గారు ఈలోగా చేతులు ముడుచుకు కూర్చోలేదు. జిల్లాకేంద్రానికి అత్యవసర లేఖ పంపారు. "ఈ కార్యాలయపు కంప్యూటర్ నిమిత్తం బూట్ ఆర్డర్ అవసరమైయున్నది. తక్షణమే మంజూరు చేయ ప్రార్థన." జిల్లాకేంద్రంలో ఆ లేఖ చూసిన గుమాస్తా దాన్ని బుద్ధిగా స్టోర్సు విభాగానికి పంపాడు. స్టోర్సు విభాగం చరిత్రలో ఎన్నడూ లేనంత చురుగ్గా పనిచేసింది. వారం తిరక్కుండా జీపులో ఒక పెట్టె దిగింది.

పెట్టె నిండా నల్లటి బూట్లు.

వాటితోపాటు ఒక లేఖ. "మీ బూట్ల ఆర్డరు ప్రకారం సరఫరా చేయడమైనది. సైజులు తెలుపనందున అన్నియు పదో నెంబరుగా పంపబడినవి. వినియోగ ధ్రువపత్రము వెంటనే పంపవలెను."

త్రినాథ్ ఆశగా కమిషనర్ ముఖం వైపు చూశాడు. ఇప్పుడైనా అర్థమవుతుందనుకున్నాడు. అచలపతి గారు ఒక బూటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు ఆలోచించారు.

"వినియోగ ధ్రువపత్రం అడిగారు," అన్నారు చివరికి. "వినియోగించకుండా ఎలా ఇస్తాం?"

అందుకని ఆఫీసు మొత్తం బూట్లు వేసుకుంది. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ టైపిస్టు శకుంతల గారు నేత చీర కింద బూట్లతో నడుస్తుంటే, పాత గోడౌన్‌లో ఎవరో పెట్టెలు జరుపుతున్నట్టు చప్పుడయ్యేది. "నాది నాలుగో నెంబరు కాలు బాబూ. ముందు నేను నడిస్తే తర్వాత బూటు వస్తోంది," అని త్రినాథ్‌తో చెప్పుకుంది. ధ్రువపత్రంలో మాత్రం "బూట్లు సంతృప్తికరంగా పనిచేయుచున్నవి, కంప్యూటర్ మాత్రం పనిచేయుట లేదు" అని వెళ్ళింది.

ఈ రెండో వాక్యం రాజధానిలో కలకలం రేపింది. బూట్లు ఇచ్చినా కంప్యూటర్ నడవకపోవడం ఏమిటని ఆరా తీసి, సాంకేతిక పరిశీలకుడు డాక్టర్ పట్టాభిరామ శర్మ గారిని పంపారు. ఆయన కంప్యూటర్లలో డాక్టరు కాదు, పరిపాలనలో. అయినా మనిషి నిదానం, మాట స్పష్టం. త్రినాథ్ చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. డిస్కులు, తలుపులు, వరస అన్నీ విని తల ఊపారు.

"అర్థమైంది. ఇది బూట్ల సంగతి కాదు," అన్నారు.

త్రినాథ్‌కి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇది సీనియారిటీ సంగతి," అన్నారు పట్టాభిరామ శర్మ గారు. "యంత్రంలో రెండు వ్యవస్థలు ఉన్నాయి. మొదటిది సర్వీసులో ఉంది. రెండోది కొత్తగా చేరింది, కాబట్టి ప్రొబేషన్‌లో ఉన్నట్టు లెక్క. వరసలో పాతది ముందు ఉండాలి. నేను ఆర్డర్ ఇస్తాను. కానీ అమలు అందరి సమక్షంలో జరగాలి."

ఏదైతేనేం, ఆర్డర్ వచ్చింది. మూడు పేజీల ఉత్తర్వు. అందులో త్రినాథ్ నొక్కవలసిన మీట పేరు కూడా ఉంది.

అమలు రోజున ఆఫీసు ముందు షామియానా వేశారు. మామిడాకులు కట్టారు. బూట్లు పాలిష్ చేయించారు. వరండాలో ఉన్న కుమ్మరి వీధి వాళ్ళు బిందెలతోసహా ముందు వరసలో కూర్చున్నారు. అచలపతి గారు లక్క సీలు పగలగొట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. త్రినాథ్ కూర్చుని, ఉత్తర్వులో చెప్పిన మీట నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, మౌస్‌తో పెళ్ళి ఫోటోల డిస్కుని కిందికి దించి, బయటికి వచ్చాడు. మొత్తం పని అతను అనుకున్నంత సేపే పట్టింది. దానికి ముందు ఉపన్యాసాలు మధ్యాహ్నం దాకా పట్టాయి.

కంప్యూటర్ కిర్రుమంది. తెర వెలిగింది. నల్లటి తెరమీద రెండు పేర్లు వచ్చాయి. పైన దేశవాళీ, కింద పాతది. అడుగున ఒక అంకె తగ్గుతూ వస్తోంది. పది, తొమ్మిది, ఎనిమిది.

"ఇదేంటి?" అన్నారు పట్టాభిరామ శర్మ గారు.

"ఏది కావాలో అడుగుతోంది సార్. మనం చెప్పకపోతే అంకె అయిపోగానే అదే పైనున్నదాన్ని తీసుకుంటుంది."

"పైన ప్రొబేషనర్ ఎందుకుంది?"

"చివర ఎక్కించింది పైన ఉంటుంది సార్. బాణం మీట నొక్కి పాతదాన్ని ఎంచుకోవచ్చు. నొక్కమంటారా?"

"నొక్కు," అన్నారు అచలపతి గారు.

"ఆగండి," అన్నారు శర్మ గారు. "ఉత్తర్వులో ఒక్క మీటకే అనుమతి ఉంది. బాణం గురించి రాయలేదు."

"తమరు ఇక్కడే ఉన్నారు కదా, మౌఖికంగా అనుమతించవచ్చు," అన్నారు అచలపతి గారు.

"మౌఖిక అనుమతిని లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి. కాగితం తెప్పించండి."

శకుంతల గారు కాగితం కోసం లేచారు. బూట్లతో త్వరగా లేవడం కుదరదు. అంకె మూడుకి వచ్చింది, రెండు, ఒకటి. దేశవాళీ వ్యవస్థ ఎవరి అనుమతీ లేకుండా, చక్కగా లేచి నిలబడింది. తెరమీద కొబ్బరిచెట్ల బొమ్మ వచ్చింది.

ముందు వరసలోంచి సీతామహాలక్ష్మి, "లేచిందండోయ్," అంది. బిందెలు గణగణలాడాయి.

వేదిక మీద మాత్రం ఎవరూ కదల్లేదు. శర్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సీనియర్‌ని కాదని, ఆదేశం లేకుండా, పై అధికారుల సమక్షంలో బాధ్యతలు స్వీకరించింది," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన బాధ ఉంది. "ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు."

ఆ సాయంత్రమే కంప్యూటర్‌కి మెమో ఇచ్చారు. సంజాయిషీ చెప్పుకోడానికి వ్యవధి ఇచ్చారు. త్రినాథ్ దాన్ని ఆన్ చెయ్యాలా అని అడిగాడు. ఆన్ చేస్తే నేరం పునరావృతం చేసినట్టవుతుందన్నారు. వ్యవధిలోగా అది ఏ సమాధానమూ ఇవ్వలేదు. దాన్ని ధిక్కారంగా పరిగణించి, విచారణ పూర్తయ్యేవరకు సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు ఆఫీసు ఆవరణలో ఉండకూడదు. మరి ఎక్కడ ఉంచాలి అనే ప్రశ్న వచ్చింది. సర్వీసు నిబంధనలు తిరగేసి, స్వస్థలానికి పంపవచ్చునని అచలపతి గారు తేల్చారు.

"దీని స్వస్థలం ఏది?" అని అడిగారు.

"మా ఇల్లు సార్. హాల్లో, చాపమీద," అన్నాడు త్రినాథ్.

ప్రింటర్‌తో సహా రిక్షాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. దారి పొడుగునా ఒక చేత్తో దాన్ని పట్టుకునే కూర్చున్నాడు. హైమ గుమ్మంలో నిలబడి చూసి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. కాసేపటికి సీతామహాలక్ష్మి వచ్చింది, ఈసారి బిందె లేకుండా.

"బాబూ, పిల్లలు ఉప్పునీళ్ళతో స్నానం చేసి ఒళ్ళంతా గోక్కుంటున్నారు. ఇవాళ నేను మిమ్మల్ని ఏమీ అడగను. ఊరికే కూర్చుని వెళ్తాను," అని చాపమీద ఒక మూల కూర్చుంది.

త్రినాథ్ కాసేపు కంప్యూటర్ వైపు, కాసేపు ఆవిడ వైపు చూశాడు. "సస్పెండ్ అయినవాళ్ళు పని చెయ్యకూడదమ్మా," అన్నాడు బలహీనంగా.

"సస్పెండ్ అయింది అదండీ. మీరు కాదుగా," అంది హైమ వంటింట్లోంచి. "నీటి విభాగం సీనియర్ అసిస్టెంటు మీరే కదా ఇంకా?"

త్రినాథ్ దీని గురించి ఆలోచించాడు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో అతను ఎప్పుడూ గీత దాటలేదు. దాటితే ఎలా ఉంటుందో కూడా తెలీదు. లేచి ప్లగ్గు పెట్టాడు. అంకె పది నుంచి మొదలైంది. ఈసారి బాణం మీట నొక్కి, పాతదాన్ని ఎంచుకున్నాడు. సీనియారిటీ విషయంలోనైనా ఎవరూ వేలెత్తి చూపకూడదని. ట్యాంకర్ చీటీల పేజీ తెరిచాడు. వీధి పేరు కొట్టాడు. ట్యాంకర్ నెంబరు కొట్టాడు. తేదీ దగ్గర ఆగాడు.

రోజూ అక్కడ ఒక్కరోజు తేదీ వేస్తాడు. రేపు ఈ కంప్యూటర్ ఇక్కడ ఉంటుందో లేదో, తను ఉంటాడో లేదో తెలీదు. "ఎప్పటివరకు" అన్నచోట, ముప్పై రకాల ఫైళ్ళలో తను రాసీ రాసీ అరిగిపోయిన మాటలు కొట్టాడు. "తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు." ప్రింటర్ చీటీని బయటికి తోసింది. అడుగున ఎప్పటిలాగే చిన్న అక్షరాలు: ఇది కంప్యూటర్‌లో తయారైన పత్రం, సంతకం అవసరం లేదు. అలా ఒక్కో వీధికీ ఒక్కో చీటీ తీశాడు.

మర్నాడు పొద్దున్న పోలయ్య చీటీ చూపించాడు, వాచ్‌మన్ నీళ్ళు వదిలాడు, ట్యాంకర్ కుమ్మరి వీధికి వెళ్ళింది.

అచలపతి గారికి సాయంత్రానికి తెలిసింది. త్రినాథ్‌ని పిలిచారు. చీటీ తెప్పించి, వెలుతురుకి పట్టి చదివారు. వీధి సరిగ్గా ఉంది, ట్యాంకర్ సరిగ్గా ఉంది, భాష మరీ సరిగ్గా ఉంది. త్రినాథ్ రాజీనామా పత్రం జేబులో పెట్టుకునే వచ్చాడు.

"ఇది ఆపాలంటే తదుపరి ఉత్తర్వు ఇవ్వాలి," అన్నారు అచలపతి గారు మెల్లిగా.

"అవును సార్."

"చేత్తో రాస్తే చెల్లదు."

"చెల్లదు సార్."

"కంప్యూటర్ సస్పెన్షన్‌లో ఉంది."

"ఉంది సార్."

అచలపతి గారు చీటీని మడిచి, జాగ్రత్తగా ఫైల్లో పెట్టారు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "అయితే నా పరిధిలో లేదు," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో ఏదో హాయి కనిపించిందని త్రినాథ్ ఇంటికొచ్చి హైమకి చెప్పాడు. కమిషనర్ గారింట్లోనూ నీళ్ళు లేవు మరి. క్వార్టర్స్ కూడా కుమ్మరి వీధి పక్కనే.

కంప్యూటర్ మీద విచారణ ఇంకా సాగుతోంది. అది త్రినాథ్ ఇంట్లోనే ఉంది. సాయంత్రాలు హైమ దాంట్లో పెళ్ళి ఫోటోలు తిరగేస్తూ, ఎవరెవరు లావెక్కారో చెబుతుంటుంది.

జూన్ దాటింది. వానలు పడ్డాయి. చెరువు నిండింది, కుళాయిలు పొంగాయి, వీధుల్లో మోకాళ్ళలోతు నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళలోంచి పోలయ్య ట్యాంకర్ మెల్లిగా ఈదుకుంటూ కుమ్మరి వీధికి వచ్చి, హారన్ కొట్టింది. సీతామహాలక్ష్మి గొడుగు వేసుకుని బయటికి వచ్చింది.

"ఇంక అక్కర్లేదు పోలయ్యా. వెళ్ళిపో," అంది.

"ఎలా వెళ్ళనక్కా, తదుపరి ఉత్తర్వు వెలువడలేదుగా," అన్నాడు పోలయ్య కిటికీలోంచి తల బయటపెట్టి. వాన అతని ముఖం మీద కారుతోంది. "ఒక్క బిందె అయినా పట్టుకో. నా మాట దక్కుతుంది."

సీతామహాలక్ష్మి లోపలికి వెళ్ళి బిందె తెచ్చింది. నిండుగా పట్టుకుని, మోకాలిలోతు నీళ్ళున్న తన పెరట్లోకి మోసుకెళ్ళి, జాగ్రత్తగా అరటిచెట్టు మొదట్లో పోసింది.